పాత పెద్ద ఎస్‌యూవీ కొనేముందు బండి కింద పడుకుని చూడండి: ఢిల్లీ ఫార్చ్యూనర్ ప్రశ్నకు నా సమాధానం

మీరు అడిగింది ఇది. ఢిల్లీలో రిజిస్టరైన 2017 ఫార్చ్యూనర్ డీజిల్, ఫోర్‌వీల్ డ్రైవ్, ఆటోమేటిక్. మీటరు మీద లక్షా పది వేల కిలోమీటర్లు ఉన్నాయి. హైదరాబాద్ ధర కంటే నాలుగు లక్షలు తక్కువకు ఇస్తామంటున్నారు. ఇలాంటి పెద్ద బండ్లలో సాధారణంగా వచ్చే సమస్యలేమిటి, కొనేముందు ఏవేం చూడాలి?

కొనవచ్చు. అయితే నాలుగు విషయాలు తేలాకే డబ్బు ఇవ్వండి. చాసిస్‌కు, అంటే బండిని మోసే కింది ఉక్కు ఫ్రేముకు, దెబ్బ తగలలేదని తేలాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. గేర్‌బాక్స్, ఫోర్‌వీల్ డ్రైవ్ రెండూ నిజంగా పనిచేస్తున్నాయని నడిపి చూడాలి. కాగితాలు మీ పేరు మీదికి వస్తాయని ఖాయం కావాలి. ఈ నాలుగింటిలో ఒక్కటి తేడా కొట్టినా నాలుగు లక్షల తగ్గింపు ఏ మూలకూ రాదు. మిగిలినవన్నీ, అంటే టైర్లు, బుష్‌లు, బ్రేకులు, ఏసీ, బేరంలో తగ్గించుకోవడానికి పనికొచ్చే విషయాలు. వాటిని చూసి బండి వదులుకోనక్కర లేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా డీజిల్ బండ్ల పని చేస్తున్నాను. కొనేవాళ్ల తరఫున వెళ్లి పాత బండ్లు చూసిపెట్టడం కూడా ఒక పనిగా పెట్టుకున్నాను. ఈ అనుభవంలో నాకు బాగా అర్థమైనదొకటి ముందే చెబుతాను. ముప్పై ఐదు లక్షల బండి పాతబడి పదిహేను లక్షలకు దిగుతుంది. దాని విడిభాగాల ధరలు మాత్రం ఆ ముప్పై ఐదు లక్షల బండివే. కొన్నప్పటి సంతోషం మొదటి సర్వీసు బిల్లు దగ్గరే ఆవిరైపోయినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే బండి ధరలో పది, పదిహేను శాతం మొదటి ఏడాది ఖర్చుల కోసం పక్కన పెట్టుకోలేకపోతే, ఇంకా చిన్న బండి చూసుకోమనే నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ముందు చాసిస్

కొనడానికి వెళ్లినవాళ్లు బానెట్ ఎత్తి ఇంజను వైపు చూస్తారు. ఇంజను కడిగి, పాలిష్ కొట్టి, కొత్తదానిలా మెరిపించడానికి అరపూట చాలు. ఈ తరహా పెద్ద బండ్లకు అసలు వెన్నెముక కింద ఉంటుంది. ఫార్చ్యూనర్, ఎండీవర్, పజేరో స్పోర్ట్, ఎంయూ-ఎక్స్, స్కార్పియో, పాత సఫారీ, ఇవన్నీ నిచ్చెనలాంటి ఉక్కు ఫ్రేము మీద బాడీని బోల్టులతో బిగించిన బండ్లు. బాడీకి దెబ్బ తగిలితే టింకరింగ్ చేసి సరిచేయవచ్చు. ఫ్రేము వంగిన బండి మాత్రం ఎంత లాగి సరిచేసినా పక్కకు లాగుతూనే ఉంటుంది, టైర్లను ఒకవైపు అరగదీస్తూనే ఉంటుంది. మరో ప్రమాదం జరిగితే ఎలా తట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

రెండేళ్ల కిందట ఏలూరు నుంచి ఒకాయన తన అల్లుడి కోసం ఒక బండి చూడమని తీసుకెళ్లారు. తెల్ల రంగు, ఏడేళ్ల పాతది, లోపల సీట్ల ప్లాస్టిక్ వాసన కూడా పోలేదు. ర్యాంప్ ఎక్కించమంటే అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. సరే అని గోనెసంచి పరిచి కిందికి దూరాను. కింద అంతా నల్లటి అండర్ కోటింగ్, వారం కూడా కానిదిలా జిగురుగా ఉంది. ఏడేళ్ల బండికి కొత్త కోటింగ్ ఎందుకు కొట్టారా అని, కుడి చక్రం ముందు ఫ్రేము మీద స్క్రూడ్రైవర్ మొనతో గీశాను. నల్లరంగు పెచ్చులా లేచింది. దాని కింద జానెడు పొడవున వెల్డింగ్ గీత, వంకరటింకరగా, చేత్తో వేసినది. కంపెనీ వెల్డింగ్ మిషను వేసినట్టు ఒకే వరుసలో, ఒకే మందంలో ఉంటుంది. ఇదేమో ఎండిపోయిన బురదలో వానపాము పాకినట్టుంది. ఎడమ వైపు అదే చోట చూస్తే వెల్డింగే లేదు. రెండు వైపులా ఒకేలా ఉండాల్సినవి ఒకవైపే ఉంటే అక్కడ దెబ్బ తగిలి అతికించారని అర్థం. ఆ బండి వద్దని చెప్పాను. ఆయన ఇప్పటికీ పండగకు ఫోను చేస్తారు.

మీరూ ఇదే పద్ధతిలో చూడండి. ముందు చక్రాల నుంచి బంపర్ వరకు ఉన్న రెండు ఫ్రేము కొసలు, రేడియేటర్ కింద అడ్డంగా ఉండే ఉక్కు పట్టీ, వెనక స్టెప్నీ వేలాడే చోటు, ఈ మూడింటిని కుడి ఎడమలు పోల్చి చూడండి. ముడతలు, కొత్త వెల్డింగు, ఒక్కచోటే కొత్త రంగు కనబడితే ఆగిపోండి. ఫ్రేము మీద చెక్కిన చాసిస్ నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చండి. అది పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. చెక్కిన చోట గ్రైండింగ్ చేసినట్టు నునుపుగా ఉన్నా, అంకెల లోతు ఒక్కో దానిదీ ఒక్కోలా ఉన్నా ఇక బేరమే వద్దు.

తుప్పు సంగతి ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో తిరిగిన బండ్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లు కింద ఎర్రబడి ఉంటాయి. పైపైన ఎర్రపొడి ఉంటే భయం లేదు. చిన్న సుత్తితో తడితే గంట మోగినట్టు మోగాలి. పెచ్చులు రాలి మెత్తటి చప్పుడు వస్తే లోపల తినేసిందని అర్థం. ఢిల్లీ బండికి ఉప్పుగాలి బాధ లేదు, ఈ ఒక్క విషయంలో మీకు కాస్త ఊరట.

బాడీ రంగు మందం కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. కంపెనీ రంగు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. ఒక తలుపుకో, బంపర్‌కో మళ్లీ రంగు వేయడం తప్పు కాదు, ఊళ్లో తిరిగే బండికి గీతలు పడతాయి. పైకప్పు మీద, తలుపులు బిగించే స్తంభాల మీద అంకె పెరిగితే మాత్రం బండి పల్టీ కొట్టిందేమోనని అనుమానించాలి.

ఇంజను: చల్లగా ఉన్నప్పుడే

ఉదయం ఆరు గంటలకు వస్తానని చెప్పండి. ముందురోజు రాత్రి నుంచి బండి తీయవద్దని కూడా చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. డీజిల్ ఇంజను జబ్బుల్లో చాలావరకు ఇంజను చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. వేడెక్కాక అన్నీ మంచి ఇంజనుల్లాగే నడుస్తాయి.

స్టార్ట్ చేసేముందు రేడియేటర్ పై గొట్టం చేత్తో నొక్కండి. రాత్రంతా చల్లబడిన బండిలో అది మెత్తగా ఉండాలి. రాయిలా బిగుసుకుని ఉంటే ఇంజనులోని గ్యాసు ఒత్తిడి రేడియేటర్ నీళ్లలోకి వెళుతోందని, ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానమని లెక్క. కూలెంట్ డబ్బా మూత తీసి నూనె తెట్టు ఉందేమో చూడండి. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడలాంటి తెల్లటి జిడ్డు ఉందేమో కూడా చూడండి. తక్కువ దూరాలు తిరిగే బండ్లలో చలికాలంలో తేమ వల్ల అది కొద్దిగా రావచ్చు. ముద్దగా ఉంటే మాత్రం వదలకుండా కారణం అడగాలి.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఒకటి రెండు తిరుగుళ్లలో అందుకోవాలి. మొదటి క్షణాల్లో కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోతే పరవాలేదు. ఆగకుండా వస్తూ, తియ్యటి వాసన వేస్తే కూలెంట్ కాలుతోంది. కళ్లు మండే తెల్లపొగైతే డీజిల్ సరిగా కాలడం లేదు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు చూడాలి. నీలంపొగ అంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. నల్లపొగ ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడే వస్తే ఎయిర్ ఫిల్టరు నుంచి ఇంజెక్టరు వరకు ఏదైనా కావచ్చు, దానికి అంతగా కంగారు పడనక్కర లేదు.

మా షెడ్డులో అందరం చేసే పరీక్ష ఒకటుంది, మీరూ చేయవచ్చు. ఇంజను పది నిమిషాలు నడిచాక, ఐడిల్‌లో (ఎక్సలేటర్ తొక్కకుండా) ఉండగానే ఆయిల్ పోసే మూతను విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. మంచి ఇంజనులో మూత అక్కడే సన్నగా వణుకుతూ కూర్చుంటుంది. అరిగిన ఇంజనులో కుండ మీద మూతలా ఎగిరెగిరి పక్కకు పడిపోతుంది, రంధ్రం నుంచి పొగ తెరలు తెరలుగా వస్తుంది. దీన్నే మేము బ్యాక్ కంప్రెషన్ అంటాం. పిస్టను రింగులో, సిలిండరు బోరో అరిగి గ్యాసు కిందికి దిగుతోందని అర్థం. ఆ ఇంజను విప్పాల్సిన రోజు ఎంతో దూరంలో లేదు. ఈ తరగతి డీజిల్ ఇంజను విప్పి చేయించాలంటే ఖర్చు లక్షల్లోనే మాట్లాడుకోవాలి. మూత ఎగిరిందంటే అమ్మేవాళ్లు ఎన్ని చెప్పినా వినకండి.

ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బో దగ్గర నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం లోపల పల్చటి నూనె పొర మామూలే. వేలు పెడితే నూనె కారితే టర్బో సీళ్లు పోయాయి. బండి నడుపుతున్నప్పుడు సన్నటి ఈల వినబడడం సహజం. అది సైరనులా పెరిగినా, రాపిడి చప్పుడు కలిసినా టర్బో ఖర్చు మీ బేరంలో వేసుకోండి.

టైమింగ్ విషయం, అంటే ఇంజను వాల్వులను పిస్టన్లతో సరిగ్గా కలిపి తిప్పేది బెల్టా, చైనా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. 2009లో మన దేశానికి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ 3.0 లీటర్ ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది. 2016 చివర్లో వచ్చిన రెండో తరం 2.8 ఇంజనుకు చైను. మీరు చూస్తున్నది రెండోది కాబట్టి బెల్టు దిగులు లేదు. మొదటి తరం బండి కొనేవాళ్లు మాత్రం బెల్టు మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని, కొన్న వారంలోనే మార్పించుకోవాలి. నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు ఉంటుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి మాత్రమే తిరిగిన బండిలో అది మూసుకుపోతుంది. హైవే మీద అరగంట నిలకడగా నడిపితేనే ఆ మసి కాలుతుంది. ఆ ఫిల్టరు తీసేసి, హెచ్చరిక దీపం వెలగకుండా ఇంజను కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చిన బండ్లు కూడా అమ్మకానికి వస్తున్నాయి. అలాంటిది కొంటే పొల్యూషన్ పరీక్షలో ఇబ్బంది మీదే అవుతుంది.

స్కానర్ చెప్పే నిజం

బండి కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే ఓబీడీ స్కానర్ తప్పకుండా పెట్టించండి. అందులో చాలామంది లోపాల కోడ్లు మాత్రమే చూసి, ఏమీ లేవని తృప్తి పడతారు. కోడ్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూపించే లెక్క కూడా చాలా బండ్లలో ఉంటుంది. అది పన్నెండు కిలోమీటర్లు అని చూపిస్తే, మీరు వస్తున్నారని నిన్ననే చెరిపారన్నమాట. అప్పుడు యాభై, అరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. నిజమైన లోపమైతే తిరిగి తల ఎత్తుతుంది.

గేర్‌బాక్స్, ఫోర్‌వీల్ డ్రైవ్

ఆటోమేటిక్ బండిని బ్రేకు మీద ఉంచి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు, అక్కడి నుంచి రివర్సుకు మార్చండి. సెకనులోపే మెత్తగా పట్టాలి. ఆలస్యంగా పట్టినా, వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదిపినా మంచిది కాదు. తర్వాత రోడ్డు మీద అరవై, ఎనభై వేగాల మధ్య నిలకడగా నడుపుతూ ఎక్సలేటర్ కొద్దిగా పెంచండి. గుండ్రాళ్ల మీద వెళుతున్నట్టు సన్నటి వణుకు వస్తే ఇంజను బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ మీద అనుమానం. ఒక్కోసారి ఆయిల్ మార్చగానే పోతుంది, ఒక్కోసారి పోదు. పోతుందన్న ఆశతో కొనకండి, అమ్మేవాళ్లనే మార్పించి చూపించమనండి. 'గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర లేదు' అనే మాట మన ఎండలకు, మన ట్రాఫిక్‌కు చెల్లదు. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో ఒక్కసారైనా మార్చిన బిల్లు కనబడాలి.

ఫోర్‌వీల్ డ్రైవ్ గురించి నా బాధ వేరు. మన దగ్గర ఈ బండ్లలో సగానికి పైగా దాన్ని ఒక్కసారి కూడా వాడని బండ్లే. వాడకపోతే చెడదని అనుకుంటారు, వాడకపోతేనే చెడుతుంది. మీట నొక్కితే లోపల తిరగాల్సిన మోటారు, కదలాల్సిన ఫోర్కు ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతాయి. మట్టి నేల ఉన్న చోటికి తీసుకెళ్లి ముందు హై, తర్వాత బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయండి. డ్యాష్‌బోర్డు మీద దీపం మిణుకు మిణుకుమంటూ ఉండిపోతే పట్టలేదని. పట్టాక మట్టిలోనే నెమ్మదిగా ముందుకు, వెనక్కు నడిపి చప్పుళ్లు వినండి. పొడి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపులు తిప్పవద్దు, మంచి బండి కూడా మూలుగుతుంది, భాగాలు అరుగుతాయి.

ఫోర్‌వీల్ లేని బండి వెనక ఫోర్‌వీల్ అని అక్షరాలు అతికించి అమ్మేవాళ్లున్నారు. కింద చూసినప్పుడు ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ గుండు, దానికి వెళ్లే షాఫ్టు ఉన్నాయా అని ఒక్కసారి చూస్తే చాలు. ఆ షాఫ్టుల కొసల్లో రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే లోపల మట్టి చేరినట్టే.

ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు, వెనక హౌసింగ్ ఆయిల్ సీళ్లు, ముందు కింది ఆర్ముల బుష్‌లు, బాల్ జాయింట్లు, ఇవన్నీ లక్ష దాటాక అరిగేవే. రెండు టన్నులకు పైగా బరువుండే బండి మన స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరితే అరగక ఏం చేస్తాయి? బ్రేకు డిస్కు అంచున వేలితో తడిమితే గట్టు తగులుతుంది, ఆ గట్టు ఎంత ఎత్తుంటే అంత అరిగిందని. ఎనభైలో ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. ఐదూ మార్చాల్సి వస్తే లక్ష రూపాయల దగ్గరికి వెళుతుంది, ఆ మాట బేరంలో చెప్పండి.

నీళ్లలో మునిగిన బండి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఊరిని ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి బండ్లు వరసగా లాక్కొచ్చి మా వీధిలో నిలబెట్టారు. ఎత్తైన బండ్లకు ఏమీ కాదనుకున్నవాళ్ల బండ్లూ వాటిలో ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి వాటిలో ఎన్నో మళ్లీ రోడ్డెక్కాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2015 డిసెంబరులో చెన్నైలో, 2023 జూలైలో యమున పొంగి ఢిల్లీలో జరిగిందీ అదే. అలాంటి బండి నాలుగు నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత వైర్ల జాయింట్లలో పచ్చటి చిలుము మొదలవుతుంది. ఒకరోజు పవర్ విండో, మరోరోజు ఏబీఎస్ దీపం, ఇంకోరోజు నడిరోడ్డు మీద ఆగిపోవడం.

సీటు బెల్టును చివరి వరకు, ఇక రానంతవరకు లాగండి. కడిగేవాళ్లు సీట్లు విప్పుతారు, తివాచీ మారుస్తారు, బెల్టు చుట్ట లోపలి చివరి అడుగును మాత్రం చాలామంది మరచిపోతారు. పోయిన ఏడాది ఒక బండిలో డ్రైవరు పక్క సీటు బెల్టు అలాగే లాగాను. మూడు వంతుల వరకు బూడిదరంగులో శుభ్రంగా వచ్చింది. చివరి జానెడులో అడ్డంగా గోధుమరంగు గీత, నది ఒడ్డున నీటిమట్టం గీతలాగా. గోటితో గీకితే సన్నటి ఒండ్రు పొడి రాలింది. పక్కనే నిలబడిన యజమాని కుమారుడు తల దించుకున్నాడు. ఆ కుర్రాడికి నిజం తెలుసు.

బెల్టుతో పాటు సీటు పట్టాల కింది బోల్టులు, స్టెప్నీ పనిముట్ల పెట్టె, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె, హెడ్‌లైటు లోపలి మూలలు చూడండి. ఏడేళ్ల బండిలో సీట్ల కింది తివాచీ మాత్రమే కొత్తగా ఉంటే ఎందుకని అడగండి. లోపల అగరుబత్తి, సెంటు వాసన మరీ ఘాటుగా ఉంటే అద్దాలన్నీ మూసి ఏసీ ఆపి పది నిమిషాలు కూర్చోండి. ముక్కిన వాసన పైకి వస్తుంది.

మీటరు, కాన్వాయ్ బండ్లు

మీటరు తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పని. అందుకే మీటరును నమ్మవద్దు, కంపెనీ సర్వీసు చరిత్రను నమ్మండి. అధీకృత సర్వీసు కేంద్రంలో నంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో తెలుస్తుంది, యజమాని చేత అడిగించండి. బ్రేకు పెడల్ రబ్బరు నున్నబడి, స్టీరింగ్ తోలు మెరిసిపోయి, డ్రైవరు సీటు కుడి అంచు నలిగిపోయి ఉండి మీటరు మాత్రం యాభై వేలు చూపిస్తే ఆ లెక్క కుదరదు.

కిలోమీటర్లు తక్కువైనా ఇంజను ఎక్కువ తిరిగిన బండ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ, ఢిల్లీలోనూ చాలా ఉన్నాయి. అవి నాయకుల కాన్వాయ్ బండ్లు. సభ జరిగినంతసేపు ఏసీ కోసం ఇంజను ఆపకుండా నిలబెడతారు, తర్వాత నూట నలభైలో పరుగెత్తిస్తారు. నిలబడిన గంటలు మీటరుకు ఎక్కవు. బానెట్ అంచున జెండా కడ్డీ కోసం వేసిన రంధ్రం పూడ్చిన గుర్తు, డ్యాష్‌బోర్డు కింద ఎటూ కలవని సైరన్ వైర్లు, పైకప్పు మీద బుగ్గ బిగించిన మచ్చ కనబడితే ఆ బండి జీవితం ఎలా గడిచిందో ఊహించండి. ఎర్రబుగ్గలు 2017 మే 1 నుంచి పోయాయి కానీ సైరన్లు పోలేదు.

ఏసీ గురించి ఒక్క మాట. మూడు వరుసల బండిలో వెనక ఏసీకి గొట్టాలు బండి కింద నుంచి వెళతాయి, రాళ్లు తగిలి కారుతుంటాయి. మధ్యాహ్నం ఎండలో చివరి వరుసలో కూర్చుని చూడండి.

కాగితాలు, ముఖ్యంగా ఢిల్లీ బండికి

అంత తక్కువ ధర ఎందుకంటే, ఢిల్లీ, చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో డీజిల్ బండ్లకు పదేళ్లు, పెట్రోలు బండ్లకు పదిహేనేళ్లు అనే పరిమితి వచ్చింది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. తర్వాత అమలులో మార్పులు వస్తూనే ఉన్నాయి, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు బీఎస్-4, ఆపై బండ్లకు ఊరటనిచ్చింది. మీరు చూస్తున్న బండికి 2027తో పదేళ్లు నిండుతాయి, ఆ భయమే అమ్మేవాళ్ల తొందరకు కారణం కావచ్చు. అదే బండికి ఇక్కడ పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఉంటుంది, అంటే 2032 వరకు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి పొడిగించుకోవాలి. కాబట్టి తక్కువ ధర వెనక మోసమే ఉండాలని లేదు.

ఎన్‌ఓసీ (బండిని వేరే చోటికి మార్చడానికి అభ్యంతరం లేదని ఢిల్లీ రవాణా కార్యాలయం ఇచ్చే పత్రం), అంటే ఫారం 28, మీ జిల్లా రవాణా కార్యాలయం పేరు మీద వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద యజమాని సంతకాలు మీ ఎదురుగా పెట్టించండి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరుంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు లేఖ రెండూ కావాలి. 'అప్పు తీరిపోయింది, కాగితం తర్వాత పంపిస్తాం' అన్న మాటకు అడ్వాన్సు ఇచ్చి ఏడాదిన్నర తిరిగిన కస్టమరు నాకున్నారు. చలానాలు, బీమా, పొల్యూషన్ వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. దొంగ బండి కాదన్న నివేదిక ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వెబ్‌సైటులో తీసుకోండి.

వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దాన్ని పట్టుకుని ఏడాది దాకా తిరగవచ్చని ఊరుకోకండి. లైఫ్ ట్యాక్సు ఎంత వస్తుందో కొనేముందే లెక్క వేయించుకోండి. అది మీరు కొన్న ధర మీద కాకుండా బండి అసలు ధర, వయసు చూసి వేస్తారు. ఇరవై లక్షలు దాటిన బండ్లకు శాతం కూడా ఎక్కువే. అందుకే మొదటి ఇన్‌వాయిస్ కాపీ అడిగి తీసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఢిల్లీ బండ్లలో ఈ పన్ను, రవాణా, ఏజెంటు ఖర్చులు కలిపేసరికి తగ్గింపులో సగానికి పైగా కరిగిపోయినవే ఎక్కువ.

పాత బీమా పాలసీ కాపీ అడగండి, ఇది చాలామంది అడగరు. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం రాసి ఉంటుంది. క్లెయిము లేకుండా ఏళ్లు గడిస్తే అది 20, 25, 35, 45, 50 ఇలా పెరుగుతుంది. 'చిన్న గీత కూడా పడలేదు' అన్న ఎనిమిదేళ్ల బండి పాలసీలో అది సున్నానో, ఇరవయ్యో ఉంటే ఈమధ్యే ఒక క్లెయిము అయిందని అర్థం. ఎంతకు, దేనికి అని అడగండి. బండి మీ పేరుకు మారాక పద్నాలుగు రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేయాలి. ఆ బోనస్ మీకు బదిలీ కాదు, అది పాత యజమానిదే.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద పన్ను మొత్తం 50 శాతం నుంచి 40 శాతానికి దిగింది. కొత్త బండ్ల ధరలు లక్షల్లో తగ్గాయి. పాత బండి అమ్మేవాళ్లు ఇంకా పన్ను తగ్గకముందు కొత్తబండికి ఉన్న ధర చూపించి బేరం చేస్తుంటారు, ఇప్పటి ధర చూపించి మాట్లాడండి.

ఫార్చ్యూనర్ కాక వేరేవి చూసేవాళ్లకు రెండు ముక్కలు. ఎండీవర్ నడపడానికి నాకు ఇష్టమైన బండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేసింది కాబట్టి కొనేముందే రెండు మూడు పెద్ద భాగాలకు ధర, ఎన్ని రోజుల్లో వస్తాయో అడిగి రాసుకోండి. 2020 తర్వాతి 2.0 ఇంజనులో బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది, తప్పు గ్రేడు ఆయిల్ పోసిన చరిత్ర ఉంటే వద్దు. మహీంద్రా ఆల్టురాస్ చాలా తక్కువ ధరకు దొరుకుతుంది, లోపల హాయిగా ఉంటుంది, భాగాల సంగతి మాత్రం ముందే ఖాయం చేసుకోండి. ఇసుజు ఎంయూ-ఎక్స్ మన శ్రీసిటీలో తయారైన బండి, ఇంజను మొండిది, సర్వీసు కేంద్రం మీ ఊరికి ఎంత దూరమో చూసుకుంటే చాలు.

ఇక మీ బండి. విమానం టికెట్టు కొనకముందే యజమానిని నాలుగు అడగండి: చాసిస్ నంబరు చెక్కిన చోటు దగ్గరి ఫొటో, ముందు ఫ్రేము కొసల ఫొటోలు కుడి ఎడమ రెండూ, పాత బీమా పాలసీ కాపీ, ఉదయం మొదటిసారి స్టార్ట్ చేస్తున్న వీడియో, సైలెన్సర్ గొట్టం కనబడేలా. ఇవి ఒక్కరోజులో పంపితే వెళ్లండి, అక్కడి డీజిల్ మెకానిక్‌ను ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఆ మెకానిక్‌ను అమ్మేవాళ్లు కాకుండా మీరే వెతుక్కోండి. 'ఎందుకండీ ఇవన్నీ, బండి చూస్తే మీకే తెలుస్తుంది' అని దాటవేస్తే ఆ బండి వదిలేయండి. 2027 దగ్గరపడే కొద్దీ అదే మోడల్, అదే ఏడాది బండ్లు ఢిల్లీ నుంచి ఇంకా వస్తాయి.